కాలు నొక్కితే దూకుడు, తీస్తే పట్టేయడం: కారు కుదుపుల వెనక ఏముంది?

సూరత్ నగరానికి నైరుతి వైపున ఉన్న ఆల్థాన్ ఒకప్పుడు ఊరి చివరి గ్రామం. ఇప్పుడు అక్కడ వరుసగా అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, వాటి మధ్య కిక్కిరిసిన రోడ్లు. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీ వరకు సాగే సూరత్ మెట్రో మొదటి మార్గం ఈ ప్రాంతం మీదుగానే వెళుతుంది. ఆ మెట్రోకు 2021 జనవరి 18న శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట సాయంత్రం కారు నడిపే వ్యక్తి ఎక్కువ సేపు మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్యే తిరుగుతాడు. వేగం గంటకు 5 కిలోమీటర్ల నుంచి 20 వరకు పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది.

సరిగ్గా ఇలాంటి ప్రయాణంలోనే రెండు ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. ఒకటి, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఆనించగానే కారు ముందుకు దూకుతుంది. రెండు, కాలు తీయగానే వెనక నుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు కారు పట్టేస్తుంది. ముందు సీట్లో కూర్చున్నవారి తల ఊగుతుంది, వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుంది. కారు షెడ్డుకు వెళుతుంది. స్పార్క్ ప్లగ్గులు మారతాయి, ఇంజెక్టర్లు శుభ్రమవుతాయి, బిల్లు పెరుగుతుంది. కుదుపు మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఎందుకంటే ఆ కుదుపులో కొంత భాగం లోపం కాదు, ఇంజిన్ పనిచేసే తీరులోనే ఉంది. మిగిలిన భాగం నిజంగా లోపం కావచ్చు. ఏది ఏదో తెలిస్తే డబ్బు మిగులుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

శరీరానికి తెలిసేది వేగం కాదు

కళ్లు మూసుకుని కూర్చుంటే, గంటకు 80 కిలోమీటర్ల స్థిర వేగంతో వెళుతున్న బండిలో ఉన్నామన్న సంగతి శరీరానికి తెలియదు. వేగం మారినప్పుడే తెలుస్తుంది. ఆ మార్పు రేటును త్వరణం అంటారు. త్వరణం కూడా ఒకే తీరుగా ఉంటే శరీరం సర్దుకుంటుంది. మెడ కండరాలు తగినంత బిగుసుకుని తలను నిలబెడతాయి. ఇబ్బంది పెట్టేది త్వరణమే ఒక్కసారిగా మారిపోవడం. భౌతికశాస్త్రంలో దీనికి ఉన్న పేరు కూడా జెర్కే. త్వరణం ఒక సెకనులో ఎంత మారిందన్నదే దాని కొలత.

మెట్రో రైలులో పట్టుకోవడానికి ఏమీ లేకున్నా నిలబడగలుగుతామంటే కారణం ఇదే. త్వరణంలో మార్పు ఒక సెకనుకు, సెకనుకు సెకనుకు 1 మీటరు స్థాయిని దాటకుండా ఆ రైళ్లను సాధారణంగా రూపొందిస్తారు. కారులో పరిస్థితి వేరు. సెకనుకు సెకనుకు అర మీటరు చొప్పున వేగం పుంజుకుంటున్న కారులో ఠక్కున కాలు తీశారనుకుందాం. కారు సెకనుకు సెకనుకు 0.7 మీటర్ల చొప్పున వేగం కోల్పోవడం మొదలుపెడుతుంది. మొత్తం మార్పు 1.2. ఇది 0.2 సెకనులో జరిగితే జెర్క్ విలువ 6 అవుతుంది. మెట్రోతో పోలిస్తే ఆరింతలు. బ్రేకు మీద కాలు పెట్టకుండానే ఇంత.

కాలికీ ఇంజిన్‌కీ మధ్య ఒక కంప్యూటర్

పాత కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కు ఒక తీగ ఉండేది. అది ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలోని గుండ్రటి పలకను తిప్పేది. ఆ పలకే థ్రాటిల్. ఇప్పటి కార్లలో తీగ లేదు. పెడల్ దగ్గర సెన్సర్లు ఉంటాయి. ఒకటి చెడితే ప్రమాదం కాబట్టి రెండు పెడతారు. కాలు ఎంత నొక్కిందో అవి కారులోని నియంత్రణ కంప్యూటర్ అయిన ఈసీయూకు చెబుతాయి. ఈసీయూ ఒక చిన్న మోటారు ద్వారా థ్రాటిల్ పలకను తిప్పుతుంది.

అంటే కాలు ఇచ్చేది ఆజ్ఞ కాదు, విన్నపం. పెడల్ పది శాతం నొక్కితే ఇంజిన్ ఎంత టార్క్, అంటే ఎంత తిప్పే బలం ఇవ్వాలన్నది తయారీదారు ఈసీయూలో రాసి ఉంచిన పట్టిక నిర్ణయిస్తుంది. పెడల్ మొదటి కొద్ది కదలికకే ఎక్కువ టార్క్ ఇచ్చేలా పట్టిక రాస్తే కారు చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద ముచ్చట గొలిపే ఆ చురుకే ట్రాఫిక్‌లో దూకుడుగా మారుతుంది. 'ఎకో', 'స్పోర్ట్' అనే బటన్లు ఉన్న చాలా కార్లలో ఆ బటన్లు ప్రధానంగా మార్చేది ఈ పట్టికనే. ఇంజిన్ అదే.

పలక స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దానికి కావలసిన గాలి తక్కువ. చాలా ఇంజిన్లలో పలక మూడో వంతు తెరుచుకునేసరికే పీల్చగలిగిన గాలి దాదాపు అంతా లోపలికి వెళ్లిపోతుంది. కాబట్టి తేడా అంతా మొదటి కొద్ది డిగ్రీల్లోనే ఉంటుంది. ఆ సన్నని సందులో గాలి ప్రవాహం పూర్తిగా సందు వైశాల్యం మీద ఆధారపడుతుంది. పలక అంచున మసి పేరుకుంటే ఆ వైశాల్యం మారిపోతుంది. మసి పట్టిన థ్రాటిల్ ఉన్న కారు తక్కువ వేగంలోనే ఎక్కువగా కుదపడానికి ఇదే కారణం.

మొదటి గేరు ఒక భూతద్దం

ఒక చిన్న లెక్క చూద్దాం. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, మనుషులతో కలిపి 1200 కిలోల బరువు, 28 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న చక్రాలు. మన రోడ్ల మీద తిరిగే మామూలు చిన్న కారు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మొదటి గేరులో ఇంజిన్ దాదాపు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ టార్క్ చక్రం దగ్గరకు వచ్చేసరికి 14 రెట్లు అవుతుందన్నమాట. ఐదో గేరులో అది 3 రెట్లే.

కాలి వేళ్లు కాస్త కదిలి ఇంజిన్ టార్క్ 10 న్యూటన్ మీటర్లు పెరిగిందనుకోండి. మొదటి గేరులో చక్రాల దగ్గర 500 న్యూటన్ల అదనపు తోపు పుడుతుంది. కారు త్వరణం సెకనుకు సెకనుకు 0.4 మీటర్లు పెరుగుతుంది. ఐదో గేరులో అదే కదలికకు 0.1 కూడా పెరగదు. కాలు చేసే చిన్న తప్పును మొదటి గేరు భూతద్దంలా పెద్దది చేసి చూపుతుంది. హైవే మీద నున్నగా సాగిపోయే కారే ఆల్థాన్ లాంటి చోట మొరాయిస్తున్నట్టు అనిపించడానికి సగం కారణం ఇదే.

కాలు తీయగానే పట్టేసేది ఎవరు?

ఇంజిన్ బ్రేకింగ్ గురించి చాలామంది చెప్పే కారణం ఒకటుంది. సిలిండర్‌లో గాలిని నొక్కడానికి శ్రమ పడుతుంది కాబట్టి కారు ఆగుతుంది అని. ఇది సగం నిజం కూడా కాదు. నొక్కిన గాలి స్ప్రింగులాంటిది. తర్వాతి అడుగులో అదే గాలి పిస్టన్‌ను కిందికి తోసి, తీసుకున్న శక్తిలో చాలా భాగాన్ని తిరిగి ఇచ్చేస్తుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో అసలు పని చేసేది థ్రాటిల్ మూసుకోవడమే. సూది లేని ఒక సిరంజి తీసుకోండి. మూతిని వేలితో మూసి వెనక పుల్లను లాగండి. ఎంత గట్టిగా లాగాలో చేతికి తెలుస్తుంది. కాలు తీసినప్పుడు పిస్టన్లు చేసే పని అదే. గాలి దారి దాదాపు మూసుకుపోతుంది, పిస్టన్లు మాత్రం కిందికి దిగుతూనే ఉంటాయి. పలకకు ఇవతల పీడనం బయటి వాతావరణ పీడనంలో మూడో వంతుకు కూడా పడిపోవచ్చు. ఆ పీడన తేడాకు ఎదురుగా పిస్టన్లను లాగే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? దొర్లుతున్న కారు నుంచే. దీనికి బేరింగుల దగ్గర, పిస్టన్ రింగుల దగ్గర ఉండే రాపిడి తోడవుతుంది.

మన ఉదాహరణలోని ఇంజిన్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఈ రెండూ కలిసి దాదాపు 16 న్యూటన్ మీటర్ల ఎదురు టార్క్ ఇస్తాయి. మొదటి గేరులో అది చక్రాల దగ్గర 800 న్యూటన్ల బ్రేకు. ముందు చెప్పిన 0.7 వచ్చింది ఇక్కడి నుంచే. ఐదో గేరులో అదే ఇంజిన్ ఇచ్చే బ్రేకు 170 న్యూటన్లే. మనకు తెలియను కూడా తెలియదు.

ఇదే సమయంలో మరో పని జరుగుతుంది. ఇంధనాన్ని లోపలికి చిమ్మే ఇంజెక్టర్లను ఈసీయూ పూర్తిగా ఆపేస్తుంది. గేరులో ఉండి కాలు తీసి దొర్లుతున్నంత సేపు ఇంజిన్ తాగే పెట్రోల్ సున్నా. అయితే ఇంజిన్ వేగం బాగా తగ్గితే అది ఆగిపోతుంది కనుక, ఆగకముందే ఇంధనాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ క్షణంలో, కాలు కదపకుండానే, కారు చిన్నగా ముందుకు తోసినట్టవుతుంది. నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లో ఇంజిన్ ఈ గీతకు అటూ ఇటూ పదేపదే దాటుతుంటుంది. ఇంధనం ఆగడం, రావడం, మళ్లీ ఆగడం.

ఇంధనం ఆపడం మైలేజీ కోసమే కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 ప్రమాణాల ప్రకారం పొగలో కాలుష్యాలు చాలా తక్కువగా ఉండాలి. గాలి, ఇంధనాల పాళ్లు గాడి తప్పకూడదు. అందుకే గాలిని, ఇంధనాన్ని, మంటపెట్టే సమయాన్ని ఈసీయూ తన చేతిలో ఉంచుకుంటుంది. కొన్ని కార్లలో కాలు తీసిన తర్వాత కూడా ఇంజిన్ వేగం వెంటనే తగ్గకుండా ఒక్క క్షణం వేలాడటం కూడా ఇందులో భాగమే.

పళ్ల మధ్య ఖాళీ

గూడ్సు రైలు కదిలేటప్పుడు ఇంజిన్ నుంచి చివరి వ్యాగను వరకు వరుసగా వచ్చే 'ఠక్ ఠక్' చప్పుడు గుర్తుంది కదా. లింకుల మధ్య ఉన్న ఖాళీ ఒక్కొక్కటిగా బిగుసుకునే శబ్దమది. కారులోనూ ఇంజిన్ నుంచి చక్రం వరకు ఇలాంటి ఖాళీలున్నాయి. గేరు పళ్ల మధ్య సన్నని సందు లేకపోతే అవి పట్టేసుకుని అరిగిపోతాయి. కాలు నొక్కినప్పుడు పళ్లు ఒక వైపున ఆనుకుంటాయి. కాలు తీస్తే ఇంజిన్ చక్రాలను నడపడం మాని, చక్రాలే ఇంజిన్‌ను తిప్పడం మొదలవుతుంది. పళ్లు సందు దాటి రెండో వైపుకు వెళ్లి తాకుతాయి. ఆ తాకిడే చిన్న 'ఠక్'.

తర్వాత, చక్రాలకు వెళ్లే ఇరుసులు స్ప్రింగులా మెలితిరిగి విడుచుకుంటాయి. కారు సెకనుకు కొన్నిసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గతుకుల రోడ్డు మీద మరో చిక్కు ఉంది. కారు ఊగితే కాలు ఊగుతుంది, కాలు ఊగితే పెడల్ ఊగుతుంది, పెడల్ ఊగితే కారు మరింత ఊగుతుంది. తప్పు ఇంజిన్‌దీ కాదు, డ్రైవరుదీ కాదు. ఇద్దరూ కలిసి ఒక చక్రంలో చిక్కుకున్నారు. మడమను నేలకు గట్టిగా ఆనించి, పాదం ముందు భాగంతోనే పెడల్‌ను కదిపితే ఈ చక్రం తెగిపోతుంది.

తిరుమల ఘాట్‌లో ఇదే రక్ష

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనుల కోసం దశాబ్దాల కిందట వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంతూరికి వచ్చినప్పుడు తిరుమలకు కారులో వెళ్లేవారికి, ఆల్థాన్‌లో విసిగించిన ఇంజిన్ బ్రేకింగ్ అక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

తిరుమల నుంచి దిగేందుకు వాడేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. దాదాపు 19 కిలోమీటర్ల దూరంలో కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. 1200 కిలోల కారు ఆ ఎత్తు దిగడంలో వదిలే శక్తి 80 లక్షల జౌళ్లకు పైనే. సుమారు 25 లీటర్ల నీటిని మరిగే స్థాయికి తేగలిగినంత వేడి అది. ఆ వేడినంతా బ్రేకుల మీదే వేస్తే అవి కాగిపోయి పట్టు కోల్పోతాయి. ఘాట్ రోడ్ల మీద వచ్చే కాలిన వాసన చాలాసార్లు అదే.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ సగటు వాలులో కారును కిందికి లాగే బలం 430 న్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది. మన ఉదాహరణలోని కారు రెండో గేరులో, గంటకు 33 కిలోమీటర్ల వేగంతో ఉన్నప్పుడు ఇంజిన్ ఇచ్చే ఎదురు బలం సుమారు 450 న్యూటన్లు. రెండూ ఇంచుమించు సమానం. సగటు వాలు మీద ఇంజినే కారును పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపుల కోసం, నిటారు చోట్ల కోసం మిగులుతుంది. సూరత్ వాసులు సెలవులకు వెళ్లే సాపుతారా కొండ దారిలోనూ ఇదే సూత్రం. పెట్రోల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఈ రక్షను చేజేతులా వదులుకుంటున్నారు. పైగా ఆదా కూడా లేదు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా తిరగడానికి ఇంధనం తాగుతుంది, గేరులో దొర్లితే తాగదు.

డీజిల్ ఇంజిన్ సంగతి వేరు. అది గాలికి అడ్డు పెట్టి టార్క్‌ను తగ్గించదు కాబట్టి సిరంజి ప్రభావం తక్కువ. బరువైన డీజిల్ లారీలకు కొండ దిగడం అందుకే సమస్య అయింది. అమెరికాలో డీజిల్ ఇంజిన్ల తయారీదారు క్లెస్సీ కమిన్స్ 1931లో కేజన్ కనుమ దిగుతుండగా లారీ బ్రేకులు పట్టు కోల్పోయి త్రుటిలో ప్రాణాపాయం తప్పింది. నొక్కిన గాలి స్ప్రింగులా తిరిగి తోయకముందే దాన్ని బయటికి వదిలేసే ఇంజిన్ బ్రేకును ఆయన తర్వాత రూపొందించారు. అది 1961లో తయారీకి వచ్చింది.

వెనక వచ్చేవారికి తెలియదు

ఇంజిన్ బ్రేకింగ్‌లో ఒక ప్రమాదం దాగి ఉంది. కారు వేగం తగ్గుతుంది కానీ వెనక ఎర్ర దీపం వెలగదు. ఆ దీపం బ్రేకు పెడల్‌కు ముడిపడి ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో వెంబడించే బైకు మీద మనిషికి ముందున్న కారు ఆగుతోందని చెప్పేవారు లేరు.

విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ ప్రశ్న మరింత పెద్దదైంది. కాలు తీయగానే వాటి మోటారు జనరేటరుగా మారి, వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఆ బ్రేకింగ్ పెట్రోల్ కారు కన్నా చాలా బలంగా ఉండగలదు. అందుకే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో, కాలు తీసినప్పుడు జరిగే ఇలాంటి బ్రేకింగ్ సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు దాటితే వెనక దీపం తప్పనిసరిగా వెలగాలని పెట్టారు. మన లెక్కలోని పెట్రోల్ కారు 0.7 దగ్గరే ఉంది. దానికి దీపం వెలిగించాల్సిన బాధ్యత డ్రైవరుదే. వేగం తగ్గబోతున్నప్పుడు బ్రేకు పెడల్‌ను దీపం వెలిగేంత వరకు తేలిగ్గా తాకితే చాలు.

సహజమా, లోపమా?

కుదుపు మొదటి, రెండో గేర్లలో ఎక్కువగా, మూడో గేరు నుంచి దాదాపు లేకుండా ఉంటే, కొన్ననాటి నుంచీ అలాగే ఉంటే, అది చాలావరకు సహజం. క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే ఏఎంటీ కార్లలో గేరు మారేటప్పుడు ఒక్క క్షణం తోపు ఆగి తల ముందుకు ఊగడం కూడా దాని తీరే. ఈ కింది లక్షణాలు మాత్రం మెకానిక్ చూడాల్సినవి.

- కాలు స్థిరంగా ఉంచినా, సమ వేగంలో కూడా కుదుపు వస్తుంటే. మంట సరిగా అంటుకోకపోవడం కావచ్చు. సీఎన్‌జీ మీద నడిచే కార్లలో ఇది ముందుగా బయటపడుతుంది, ఎందుకంటే ఆ వాయువును మండించడానికి స్పార్క్ ప్లగ్ దగ్గర పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోల్ మీద నున్నగా, సీఎన్‌జీ మీద కుదుపుగా ఉంటే ప్లగ్గులు, కాయిల్స్ ముందు చూడాలి.
- ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ వేగం పైకీ కిందికీ ఊగుతుంటే. థ్రాటిల్‌లో మసి గానీ, గాలి గొట్టంలో చీలిక గానీ ఉండవచ్చు.
- కుదుపుతో పాటు పెద్ద 'దబ్' శబ్దం వస్తుంటే. ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు అరిగి ఉండవచ్చు.
- ఇంతకు ముందు లేనిది కొత్తగా మొదలైతే, లేదా డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగితే. భాగాలు మార్చే ముందు ఈసీయూలోని కోడ్ చదివించాలి.

సీఎన్‌జీ విషయంలో మరో మాట. గుజరాత్‌లో ఆ కార్లు ఎక్కువ. సిలిండర్‌లోకి వెళ్లే వాయువు దాదాపు పదో వంతు గాలి స్థానాన్ని ఆక్రమిస్తుంది. టార్క్ ఆ మేరకు తగ్గుతుంది, డ్రైవరు ఎక్కువ నొక్కడం అలవాటు చేసుకుంటాడు. అదే కాలు పెట్రోల్‌కు మారినప్పుడు కారు దూకినట్టు అనిపిస్తుంది. అది లోపం కాదు.

థ్రాటిల్‌ను ఇంట్లో శుభ్రం చేయాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తాళం చెవి ఆన్‌లో ఉండగా పలకను వేలితో కదపకూడదు. మోటారు ఠక్కున మూసేస్తే వేలు నలుగుతుంది. శుభ్రం చేశాక చాలా కార్లలో పలక స్థానాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పించాలి. ఆ పని చేయకపోతే కుదుపు తగ్గకపోగా పెరగవచ్చు.

కాలికి నేర్పగలిగేది

నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో ముందు కారుకు కాస్త దూరం ఇవ్వండి. మొదటి గేరులో యాక్సిలరేటర్ తాకకుండా, క్లచ్ పూర్తిగా వదిలేస్తే ఇంజిన్ తనంతట తానే కారును నున్నగా నడుపుతుంది. వేగం కాస్త పుంజుకోగానే రెండో గేరుకు వెళ్లండి, భూతద్దం బలం దాదాపు సగానికి తగ్గుతుంది. కాలు ఒక్కసారిగా తీయకుండా, మూడు వంతులు వదిలి ఒక్క క్షణం ఆగి మిగతాది వదలండి. గేరు పళ్లు మెల్లగా అవతలి వైపుకు చేరతాయి. త్వరణంలో వచ్చే మార్పు అంతే ఉన్నా, దానికి పట్టే సమయం 0.2 సెకను నుంచి 1 సెకనుకు పెరిగితే జెర్క్ ఐదో వంతుకు పడిపోతుంది. ఏ విడిభాగమూ మార్చకుండా దొరికే మెరుగుదల ఇది. ఈ అలవాట్లతో ఒక వారం నడిపాక కూడా కుదుపు తగ్గకపోతే, అప్పుడు షెడ్డుకు వెళ్లండి. ఏ గేరులో, ఎంత వేగంలో, కాలు నొక్కినప్పుడా తీసినప్పుడా అన్నది రాసిపెట్టుకుని వెళితే మెకానిక్ పని సగం అయినట్టే.